పెరటి తేయాకు

అస్సాములోని దిబ్రూగఢ్, తిన్‌సుకియా ప్రాంతముల పల్లెలలో, పోకచెట్లకును తమలపాకు తీగెలకును చేరువగా, పెరటియందే తేయాకు పెంచు చిన్న రైతులు కలరు. విశాలమైన తోటల వైభవమును వర్ణించినవారు పెక్కండ్రు గాని, ఈ పెరటి విద్యను మెచ్చినవారరుదు.

తేయాకు స్వభావముచే వృక్షము. దానిమానాన విడిచినచో అస్సాము జాతి 10 మీటర్లు మించియు పెరుగును. లేతప్రాయముననే నడికొమ్మను త్రుంచి, ప్రక్కకొమ్మలు నలుదెసల వ్యాపించునట్లు చేసి, ఏండ్ల తరబడి కత్తిరింపుచే తలను బల్లవలె చదును చేయుచు, పులుపుగుణముగల నేలలో, వాన ఎంత కురిసినను వేళ్ళకడ నీరు నిలువనిచోట, దిరిసెన చెట్ల పలుచని నీడలో, ఆ వృక్షమును నడుమెత్తు పొదగా నిలుపుటయే వారి నేర్పు. సున్నపునేల దీనికి పరమశత్రువు. తెల్లని రేకులు, పసుపు కేసరములు గల పూవు ఎంత అందమైనదైనను, ఆకు బలమును హరించునని రైతు దానిని మెచ్చడు, పాపము పూవు!

కోత చూడవలసినది: బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ, మొగ్గయు రెండాకులును గల చిగురు పుటుక్కున తునిగివచ్చును. కోసిన ఆకు కొన్ని గంటలలో కర్మాగారము చేరనిచో గంపలోనే వేడెక్కి ఎఱ్ఱబారును. ఇంటికని మిగిల్చిన గుప్పెడాకును వాడబెట్టి, అరచేతులతో నలిపి, రంగు తిరిగినపిదప మూకుడున వేచి ఆరబెట్టవచ్చును. ఆ తేనీరు అంగడి పొడియంత చిక్కగా దిగదు గాని, నా మొగ్గు దానివైపే.