శినాఖ్త్: ఒక వకీలు, ఒక కెమెరా

ఉర్దూలో శినాఖ్త్ అని ఒక మాట ఉంది. మనం సభల్లో, వ్యాసాల్లో 'అస్తిత్వం' అనే అర్థంలో వాడుకుంటాం. పోలీసు స్టేషన్లో అదే మాటకు ఇంకో అర్థం. పదిమందిని వరసగా నిలబెట్టి, వీళ్ళలో ఎవడో చూపించు అని సాక్షిని అడగడం. శినాఖ్త్ పరేడ్. నేనెవరో నేను చెప్పుకుంటే ఒక శినాఖ్త్. నేనెవరో ఇంకొకడు వేలు పెట్టి చూపిస్తే ఇంకో శినాఖ్త్. మొదటి దాని గురించి మనవాళ్ళు చాలా రాశారు, ఇంకా రాస్తారు. నేను రెండో దాని గురించి రాస్తాను. అది కూడా మన ఊరిది కాదు, మెక్సికోది.

రోబెర్తో ఎర్నాందెస్ మెక్సికో వకీలు. ఆయన భార్య లైదా నెగ్రెతె కూడా వకీలే. ఇద్దరూ కోర్టు మిసిళ్ళు ముందేసుకుని, జైలు ఖైదీలతో మాట్లాడి, తమ దేశపు న్యాయం ఎట్లా నడుస్తున్నదో లెక్కలు తీసినవాళ్ళు. తీర్పుల్లో నూటికి 95 దాకా శిక్షలే. శిక్ష పడ్డవాళ్ళలో చాలామంది తమ మీద తీర్పు చెప్పిన జడ్జీ మొహమే చూడలేదు. ఎక్కువ కేసుల్లో రుజువు అంటూ ఏమీ లేదు, ఎవడో ఒకడు చెప్పిన మాట తప్ప. ఇదంతా కాగితాల మీద రాశారు. చదవాల్సినవాళ్ళు చదివారు, తల ఊపారు. జైళ్ళు జైళ్ళలాగే ఉన్నాయి. అప్పుడు ఎర్నాందెస్ కెమెరా పట్టాడు. సినిమా మీద మోజుతో పట్టలేదు. అంకెలు చెబితే ఎవడికీ నొప్పి పుట్టడం లేదని పట్టాడు. 2006లో 'ఎల్ తూనెల్' అనే చిన్న సినిమా తీశారు. తూనెల్ అంటే సొరంగం.

తర్వాత వచ్చింది తోన్యో కేసు. అసలు పేరు ఆంతోనియో సూన్యిగా. మెక్సికో నగరంలో ఇస్తపలాప అనే పేదల పేట. అక్కడి బజార్లో చిన్న దుకాణం పెట్టుకున్న కుర్రాడు. పాటలు కడతాడు, డాన్సు చేస్తాడు. 2005 డిసెంబర్లో రోడ్డు మీద నడుస్తుంటే పోలీసులు ఎత్తుకెళ్ళారు. ఎందుకో చెప్పలేదు. చెప్పేసరికి హత్య కేసు. ఇరవయ్యేళ్ళ శిక్ష పడింది.

సాక్ష్యం ఏమిటయ్యా అంటే, చనిపోయినవాడి బంధువు ఒక కుర్రాడు. అతని మొదటి వాంగ్మూలంలో తోన్యో పేరే లేదు. తర్వాతి వాంగ్మూలంలో వచ్చి చేరింది. చేతులకు తుపాకి మందు అంటిందా అని పరీక్ష చేశారు, అంటలేదు. ఆ వేళకు బజార్లో తన దుకాణం దగ్గరే ఉన్నాడని చూసినవాళ్ళు చెప్పారు. అయినా శిక్ష. తోన్యో తరపున మొదట వాదించినవాడి వకీలు పట్టా దొంగదని తేలింది. ఆ ఒక్క సందు దొరికితే మళ్ళీ విచారణ తెచ్చుకున్నారు. మళ్ళీ విచారణ అంటే వేరే జడ్జీ అనుకునేరు. అదే జడ్జీ. ఈసారి తేడా ఒక్కటే, కోర్టులో కెమెరా ఉంది. ఎర్నాందెస్ అనుమతి సంపాదించి దాన్ని లోపలికి తెచ్చాడు.

ఆ విచారణే 'ప్రెసుంతో కుల్పబ్లె'. ఎర్నాందెస్, జెఫ్రీ స్మిత్ కలిసి డైరెక్ట్ చేశారు. బయటి దేశాల్లో 'ప్రిజ్యూమ్డ్ గిల్టీ' అన్నారు. మన మాటల్లో చెప్పాలంటే, దోషి అనే అనుకో. చట్టం పుస్తకంలో ఉండాల్సిన మాటను తిరగేసి పేరు పెట్టారు.

సినిమాలో కోర్టు చూస్తే మనకు కొత్తగా అనిపించదు. చిన్న గది, టేబుళ్ళు, కట్టలు కట్టలు కాగితాలు. ముద్దాయి ఊచల వెనక నిలబడి ఉంటాడు. సాక్షి ఒక మాటంటాడు, జడ్జీ దాన్ని తన మాటల్లో చెబుతాడు, టైపు చేసేవారు టైపు చేస్తారు. రికార్డులోకి వెళ్ళేది సాక్షి మాట కాదు, జడ్జీ మాట. ఇది చూస్తూ నాకు నాంపల్లి కోర్టు గుర్తొచ్చింది. మనవాడు దక్కనీలో సాక్ష్యం చెబుతాడు. వకీలు తెలుగులో అడుగుతాడు. జడ్జీ ఇంగ్లీషులో చెబితే టైపవుతుంది. 'ఉనో ఆరా థా శాయద్' అని వాడంటే, ఆ 'శాయద్' ఇంగ్లీషు దాకా చేరుతుందో లేదో ఎవరు చూడొచ్చారు? ఆ 'శాయద్'లోనే ఒక మనిషి బతుకు ఉండొచ్చు. రెండు భాషల మధ్య బతికేవాళ్ళకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు.

సినిమాకు గుండెకాయ ఎదురుబొదురు విచారణ. అక్కడి పద్ధతిలో ముద్దాయి తనే సాక్షిని ప్రశ్నించొచ్చు. తోన్యో ఊచల వెనక నుంచి, తన మీద సాక్ష్యం చెప్పిన కుర్రాణ్ణి ఒక్కొక్కటీ అడుగుతాడు. వకీలు చదువు చదవనివాడు. కానీ రాత్రంతా ఆ ప్రశ్నలే కలవరించి వచ్చినవాడు. నన్ను నువ్వు చూశావా, కాల్చింది ఎవరో చూశావా. చివరికి ఆ కుర్రాడు కాల్చినవాణ్ణి తాను చూడలేదని ఒప్పుకుంటాడు. గదిలో ఒక నిమిషం గాలి ఆగిపోయినట్టుంటుంది. మరోచోట ప్రభుత్వ వకీలును తోన్యో అడుగుతాడు, నా మీద ఎందుకు నేరం మోపుతున్నావని. అది నా ఉద్యోగం కాబట్టి అని ఆమె నవ్వుతుంది. సినిమా మొత్తంలో నాకు అన్నిటికంటే భయం వేసింది ఆ నవ్వుకే. ఆ నవ్వులో పగ లేదు, కోపం లేదు, కనీసం తోన్యో మీద ద్వేషం కూడా లేదు. సాయంత్రం దాకా చేయాల్సిన పని ఉంది, అంతే.

సాక్షి ఒప్పుకున్నాక కూడా జడ్జీ మళ్ళీ ఇరవయ్యేళ్ళే వేశాడు. పై కోర్టుకు వెళ్ళారు. ఈసారి పై జడ్జీల ముందు కాగితం ఒక్కటే లేదు, వీడియో కూడా ఉంది. సాక్షి మొహం, ఆగి ఆగి చెప్పిన మాట, అన్నీ ఉన్నాయి. 2008లో తోన్యోను వదిలేశారు. వకీలు ఎర్నాందెస్ కాగితాలతో చేయలేనిది సినిమావాడు ఎర్నాందెస్ చేశాడు. అట్లాగని రెండు పనులూ వేరు కావు. ఎక్కడ ఏ ప్రశ్న పడితే గోడ కూలుతుందో వకీలుకు తెలుసు కాబట్టే, కెమెరా సరైన చోట నిలబడింది.

2011 ఫిబ్రవరిలో సినిమా మెక్సికో థియేటర్లలో విడుదలైంది. కొద్ది రోజులకే సాక్షి కుర్రాడు, నా అనుమతి లేకుండా నా మొహం చూపించారని కోర్టుకెక్కాడు. మార్చిలో ఒక జడ్జీ ప్రదర్శన ఆపమన్నారు. ఆపమనేసరికి జనం విరగబడ్డారు. రోడ్ల మీద దొంగ సీడీలు అమ్ముడుపోయాయి. పై కోర్టు కొన్ని రోజుల్లోనే ఆ నిషేధం ఎత్తేసింది. డాక్యుమెంటరీని పది లక్షల మందికి పైగా టికెట్టు కొని చూడటం ఆ దేశంలో అంతకు ముందు లేదు. అమెరికాలో ఎమ్మీ కూడా వచ్చింది.

ఇక్కడిదాకా మెచ్చుకోలు. ఇప్పుడు నాకు మింగుడుపడని సంగతులు చెప్పాలి.

ఒకటి, ఆ సాక్షి కుర్రాడు. అతను కూడా అదే పేటవాడు, అదే పేదవాడు. సొంత మనిషిని పోగొట్టుకున్నవాడు. పోలీసులు ఏం చెప్పమంటే అది చెప్పి ఉంటాడు, చెప్పకపోతే ఏమవుతుందో అతనికి తెలుసు. సినిమా అతన్ని లక్షలమంది ముందు నిలబెట్టింది. అది కూడా ఒక శినాఖ్త్ పరేడే కదా! నిషేధం తప్పు, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఆ కుర్రాడి ఫిర్యాదులో న్యాయం లేదని నేననలేను. తోన్యో మొహం లోకానికి చూపించడం తోన్యోకు మేలు. సాక్షి మొహం చూపించడం ఎవరికి మేలు? కోర్టు బహిరంగం కాబట్టి చూపించొచ్చు అని వకీలు అంటాడు. సినిమావాడు అక్కడ ఇంకాస్త ఆగి ఆలోచించాలి. ఎర్నాందెస్‌లో వకీలు సినిమావాణ్ణి ఓడించింది ఇక్కడే అనుకుంటాను.

రెండు, చనిపోయినవాడు. సినిమా అయిపోయేసరికి అతని గురించి మనకు దాదాపు ఏమీ తెలియదు. అసలు చంపినవాడు ఎవడో ఆ తప్పుడు కేసు ఎప్పటికీ చెప్పదు. అమాయకుణ్ణి జైల్లో పెడితే ఇద్దరికి అన్యాయం. రెండో అన్యాయం సినిమాలో చోటు చాలక బయట ఉండిపోయింది.

మూడు, తోన్యో మంచివాడు. అందగాడు, పాట పాడతాడు, చిందు వేస్తాడు, ప్రేమించిన పిల్ల బయట ఎదురుచూస్తున్నది. ఇట్లాంటివాడు నిర్దోషి అంటే నమ్మబుద్ధవుతుంది. మొహం మాడ్చుకుని కూర్చునేవాడు, మాట తడబడేవాడు, పాత కేసు ఒకటి ఉన్నవాడు, వాడికి కెమెరా దొరుకుతుందా? దొరికినా మనం వాడి వైపు ఉంటామా? దోషి కాడు అని తేలేదాకా మంచివాడని నిరూపించుకోవాలంటే, అది మళ్ళీ దోషి అనే అనుకోవడమే. మన కథల్లో కూడా ఈ జబ్బు ఉంది. మన ముస్లిం పాత్ర దేశభక్తుడై ఉండాలి, పక్కింటివాళ్ళకు సేమ్యా ఖీర్ పంపాలి, ఆఖరికి ఎవరినో కాపాడి చావాలి. మామూలు మనిషిగా, కాస్త చిరాకుగా, కాస్త బద్ధకంగా ఉండే హక్కు మనమే వాడికి ఇవ్వడం లేదు.

2008 జూన్‌లో మెక్సికో రాజ్యాంగం మార్చారు. బహిరంగ విచారణలు, జడ్జీ ఎదురుగా ఉండటం, నేరం రుజువయ్యేదాకా నిర్దోషి అన్న మాట, అన్నీ రాసుకున్నారు. దేశమంతా అమలుకు ఎనిమిదేళ్ళ గడువు పెట్టుకున్నారు. 2016తో అది అయింది. కథ ఇక్కడ ముగిస్తే బాగుండు. 2021లో ఎర్నాందెస్ 'రీజనబుల్ డౌట్' అని నాలుగు భాగాల సీరీస్ నెట్‌ఫ్లిక్స్‌లో తెచ్చాడు. తబాస్కో రాష్ట్రంలో రోడ్డు మీద వాహనాల గొడవతో మొదలై, నలుగురు కిడ్నాపు కేసులో ఇరుక్కున్న కథ. ఈసారి కోర్టు కొత్తది. ఊచలు లేవు, జడ్జీలు ఎదురుగా కూర్చున్నారు, కెమెరాలు ఉన్నాయి. దెబ్బలు పాతవే, శినాఖ్త్ పాతదే. కెమెరా పెట్టిస్తే చాలనుకున్న మనిషి, కెమెరా ఉన్న గదిలో కూడా అన్యాయం జరుగుతున్నదని చూపించాల్సి వచ్చింది. తన మొదటి సినిమా గెలుపును తనే ప్రశ్నించుకున్నాడు. ఎర్నాందెస్ పనిలో నేను ఎక్కువ గౌరవించేది ఈ రెండో అడుగు.

మన సంగతి కొంచెం. పోలీసు ముందు ఒప్పుకున్నది సాక్ష్యం కాదని మనకు 1872 నుంచి చట్టం ఉంది. ఇంగ్లీషువాడు కూడా మన పోలీసును నమ్మలేదు. టాడా, పోటా కాలంలో ఆ అడ్డు కూడా తీసేశారు. 2018లో సుప్రీంకోర్టు ప్రత్యక్ష ప్రసారాలకు ఒప్పుకుంది, 2022లో రాజ్యాంగ ధర్మాసనాలతో మొదలుపెట్టింది. పెద్ద వకీళ్ళు పెద్ద మాటలు మాట్లాడే చోటికి కెమెరా వెళ్ళింది. బక్క మనిషి బతుకు తేలేది కింది కోర్టులో, అది ఇంకా చాలావరకు చీకట్లోనే ఉంది.

2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలినప్పుడు నేను పత్రికలో డెస్కు మీద కొత్త. బీఏ చదివినవాణ్ణి, చట్టం తెలియదు. పోలీసు నోటు వస్తే చకచకా రాసేవాణ్ణి. ఉర్దూలో నిందితుణ్ణి ముల్జిమ్ అంటారు, నేరస్తుణ్ణి ముజ్రిమ్ అంటారు. చూడటానికి ఒకే తీరు, మధ్యలో ఒక మనిషి జీవితమంత దూరం. ఆ రోజుల్లో తెలుగులో రాస్తూ నేను ఆ దూరాన్ని ఎన్నిసార్లు మింగేశానో లెక్క లేదు. 'అనుమానితుడు' అని రాస్తే హెడ్డింగులో పట్టేది కాదు, తీసేసేవాణ్ణి. నా పేరు చూసి ఎవడైనా ఏమైనా అనుకుంటాడేమోనన్న భయం కూడా ఉండేది. అందుకని ఇంకాస్త గట్టిగా తీసేసేవాణ్ణి. అప్పుడు పట్టుకెళ్ళిన పాతబస్తీ పిల్లలను తర్వాత కోర్టులు నిర్దోషులని వదిలేశాయి. నా హెడ్డింగులను ఎవరూ వదిలించలేదు. అవి ఎక్కడో పాత ఫైళ్ళలో అట్లాగే ఉన్నాయి.

అందుకే ఆ ప్రభుత్వ వకీలు నవ్వితే నాకు భయం వేసింది. నేను కూడా నా ఉద్యోగమే చేశాను.

మనలో ఈ ఇరవయ్యేళ్ళలో వకీళ్ళయిన పిల్లలు చాలామంది ఉన్నారు. రోజూ కోర్టుకు పోతున్నారు, వస్తున్నారు. కెమెరా ఇప్పుడు ప్రతి జేబులో ఉంది. కోర్టు హాల్లోకి దాన్ని రానివ్వకపోవచ్చు. వరండా ఉంది, చెట్టు కింద ఎదురుచూసే తల్లులు ఉన్నారు, విడుదలై ఇంటికొచ్చి ఏ పనీ దొరకని మనుషులు ఉన్నారు. వాళ్ళతో కూర్చోండి. అడిగి తీయండి, ఒప్పుకుంటేనే చూపించండి. సాక్షి మొహం గురించి ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. ఆ 'శాయద్' మాత్రం వదలకుండా రికార్డు చేయండి.