పది నిమిషాల చరిత్ర

చరిత్ర తరగతిలో డాక్యుమెంటరీ తీసిన విద్యార్థి నేర్చుకున్నది చరిత్రా, వీడియో ఎడిటింగా? తెలుగు కుటుంబాలు విరివిగా స్థిరపడిన ఫ్రిస్కో వంటి ఊళ్ళలో ఈ ప్రశ్న బడికే పరిమితం కాదు. మన వలస కథను రేపు ఈ పిల్లలే, బహుశా ఈ రూపంలోనే చెప్తారు.

ఇటువంటి ప్రాజెక్టులకు అమెరికాలో ప్రధాన వేదిక 1974లో క్లీవ్‌లాండ్‌లో మొదలైన నేషనల్ హిస్టరీ డే. టెక్సస్‌లో దాని నిర్వహణ టెక్సస్ స్టేట్ హిస్టారికల్ అసోసియేషన్‌ది. డాక్యుమెంటరీ 10 నిమిషాలు మించరాదు. మూల్యాంకనలో 80 శాతం చారిత్రక నాణ్యతకు, 20 శాతం ప్రదర్శనలోని స్పష్టతకు. ప్రతి ఆధారమూ ఎలా ఉపయోగపడిందో వివరించే పట్టిక తప్పనిసరి.

నిబంధనలు బాగానే ఉన్నాయి. చిక్కంతా మాధ్యమంలో ఉంది. వీడియోలో వ్యాఖ్యానం ఆగకుండా సాగాలి కనుక సందేహానికి చోటు తగ్గుతుంది. ఛాయాచిత్రం సాక్ష్యం కావలసింది పోయి అలంకారమవుతుంది.

ఎల్లాప్రగడ సుబ్బారావునే తీసుకుందాం. భీమవరంలో పుట్టిన ఈ శాస్త్రవేత్త 1923లో బోస్టన్ చేరి, 1948లో అమెరికా పౌరసత్వం లేకుండానే మరణించాడు. ఆయన చిత్రానికి విషాద సంగీతం జోడిస్తే గుర్తింపు దక్కని మేధావి కథ సిద్ధమవుతుంది. కాని ఆయన వచ్చిన 1923లోనే సుప్రీం కోర్టు, భగత్ సింగ్ థిండ్ కేసులో, భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని తీర్పు చెప్పింది. చట్టం మారింది 1946లో. ఆ తీర్పు పాఠాన్ని చిత్రం పక్కన పెట్టి చదివినప్పుడే జాలికథ చరిత్రగా మారుతుంది.

1991లో శామ్ వైన్‌బర్గ్ ప్రచురించిన అధ్యయనంలో చరిత్రకారులు, హైస్కూలు విద్యార్థులు ఒకే యుద్ధం గురించిన పత్రాలను చదివారు. చరిత్రకారులు దాదాపు ప్రతిసారీ ముందుగా చూసింది అది ఎవరు రాశారన్నదే. విద్యార్థులలో ఆ అలవాటు చాలా తక్కువ. వైద్యులకు ఇది పరిచితమైన క్రమశిక్షణే. కేస్ షీటులో రోగి చరిత్ర రాసేటప్పుడు వివరాలు చెప్పినదెవరో, ఆ మాట ఎంత నమ్మదగినదో ముందు నమోదు చేస్తాం. ఈ అలవాటును ఏ సాఫ్ట్‌వేరూ నేర్పదు.

కనుక ఉపాధ్యాయుడైనా, తల్లిదండ్రులైనా వీడియోను ఏదో ఒక చిత్రం దగ్గర ఆపి అడగాలి: దీన్ని ఎవరు, ఎప్పుడు, ఎవరికోసం తీశారు? దీనికి విరుద్ధంగా చెప్పే ఆధారమేది? విద్యార్థి నేర్చుకున్న చరిత్ర ఆ జవాబుల్లో తెలుస్తుంది.