చివరి చక్రం చేరేదాకా

శనివారం పొద్దున ఆరింటికి బయలుదేరితే ఆదివారం రాత్రి పదింటిలోపు 600 కిలోమీటర్లు తొక్కి రావాలి. చేతిలో ఉండేది 40 గంటలు. తిండి, కునుకు, పంచర్లు, దారి తప్పడాలు అన్నీ అందులోనే. గడువు దాటితే ఆ ప్రయాణం లెక్కలోకి రాదు. గడువుకు ఎంత ముందు వచ్చినా అదనంగా దక్కేదేమీ లేదు. అందరికంటే ముందు చేరినవాళ్లకూ, పది నిమిషాలు మిగిలుండగా చేరినవాళ్లకూ ఒకటే గుర్తింపు. ఈ రకం సైకిల్ యాత్రను బ్రెవే అంటారు. ఆటల లోకంలో గెలుపోటములు లేకుండా నూరేళ్లు దాటి బతికిన సంప్రదాయాలు అరుదు. వాటిలో ఇదొకటి.

దీని పుట్టిల్లు ఫ్రాన్స్. 1904లో ఏర్పడిన ఆడాక్స్ క్లబ్ పారిసియన్ మొదట్లో గుంపు ప్రయాణాలు నడిపేది. ముందు కెప్టెన్ ఉంటాడు, అతను పెట్టిన వేగంతోనే అందరూ కదలాలి. 1921లో ఆ క్లబ్బు దారి మార్చింది. ఎవరి వేగం వాళ్లదే, గడువు మాత్రం అందరికీ ఒకటే అన్న కొత్త బ్రెవేలు మొదలుపెట్టింది. నేడు ప్రపంచమంతా పాటించేది ఆ రెండో పద్ధతినే. 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాలు, 300కు 20 గంటలు, 400కు 27 గంటలు, 600కు 40 గంటలు. ఒకే సీజన్‌లో ఈ నాలుగూ పూర్తి చేసినవాళ్లను సూపర్ రాండన్యూర్ అంటారు. మన దేశంలో ఆడాక్స్ ఇండియా రాండన్యూర్స్ వీటిని నడిపిస్తోంది. తెలంగాణలో హైదరాబాద్ రాండన్యూర్స్ ఉంది.

ఈ సంప్రదాయంలో అన్నిటికంటే పెద్దది పారిస్-బ్రెస్ట్-పారిస్. సుమారు 1,200 కిలోమీటర్ల దూరం, 90 గంటల గడువు, నాలుగేళ్లకోసారి జరుగుతుంది. 1891లో మొదటిసారి పందెంగా జరిగినప్పుడు షార్ల్ తెరోఁ 71 గంటల 22 నిమిషాల్లో గెలిచాడు. అతని సైకిల్‌కు ఉన్నది విప్పి మళ్లీ బిగించుకోగల మిషలిన్ టైరు. పంచరైనా దారిలోనే బాగుచేసుకోవచ్చన్న ఆ సౌలభ్యం అప్పటికి కొత్త. తర్వాత పందెం ఆగిపోయింది, గడువులోగా చేరే ప్రయాణం మాత్రం నిలిచింది. 2019, 2023లలో భారత్ నుంచి వందల మంది అక్కడికి వెళ్లారు.

ఇంత దూరాల లెక్కలు వింటే కరీంనగర్ జిల్లా చొప్పదండి కుర్రాడు ఇది మనకెక్కడిది అనుకోవచ్చు. కానీ సైకిల్ మీద ఓర్పును పండగలా చూసిన ఊళ్లు ఉత్తర తెలంగాణవి. ఊరి నడుమ ఖాళీ జాగాలో ఒక మనిషి రోజుల తరబడి కింద కాలు పెట్టకుండా గుండ్రంగా సైకిల్ తొక్కుతుంటే, మైకులో పాటలు మోగుతుంటే, ఇంటిల్లిపాదీ పోయి చూసిన జ్ఞాపకం పాతతరం వాళ్లలో ఇంకా ఉంది. స్నానం, తిండి అన్నీ సైకిల్ మీదే. గంటకింత అని కిరాయి సైకిల్ తెచ్చుకుని నేర్చుకున్న తరం కూడా అదే.

దారుల సంగతికొస్తే, చొప్పదండి ఉన్నచోటే ఒక వరం. కరీంనగర్ నుంచి ఉత్తరంగా గోదావరి వైపు పోయే రోడ్డు మీద ఉంది. ధర్మారం దాటి రాయపట్నం వంతెన ఎక్కితే అవతల లక్షెట్టిపేట, అక్కడినుంచి జన్నారం, కడెం. రెండు రోజుల వారాంతపు చుట్టులో తొలిరోజుకు ఆ నూరు కిలోమీటర్లు సరిపోతాయి. రెండోరోజు ఖానాపూర్ మీదుగా మళ్లీ గోదావరి దాటి మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల, కొండగట్టు, గంగాధర నుంచి తిరిగి ఇంటికి. ఈ చుట్టులో చూడాల్సినవి దండిగా ఉన్నాయి. వెల్గటూరు మండలంలో గోదావరి ఒడ్డున కోటిలింగాల ఉంది. శాతవాహన రాజు సిముకుని నాణేలు దొరికిన చోటు అది. ధర్మారం మండలం నంది మేడారంలో కాళేశ్వరం ఎత్తిపోతల పంపులు భూమి లోపల తిరుగుతాయి. గోదావరి మీది ఎల్లంపల్లి జలాశయం నుంచి వచ్చే నీళ్లు అక్కడినుంచి సొరంగంలో రామడుగు మండలం లక్ష్మీపూర్ దాకా పోతాయి. సైకిల్ మీద ఉత్తరానికి పోయేవాళ్లకు ఎదురుగా, కనపడకుండా, నది దక్షిణానికి నడుస్తుందన్నమాట. జన్నారం దగ్గర మొదలయ్యేది 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించిన కవ్వాల్ అడవి. దాన్ని వెలుతురుండగానే దాటాలి.

ఇక ఒడుపులు. గుంపుగా తొక్కడమంటే పక్కపక్కన ముచ్చట్లు పెట్టుకుంటూ పోవడం అనుకుంటారు చాలామంది. రహదారి మీద అది ప్రమాదం. వరుసగా, ఒకరి వెనుక ఒకరు పోవాలి. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో కాళ్ల బలం ఎక్కువభాగం గాలిని చీల్చడానికే ఖర్చవుతుంది. ముందువాళ్ల చక్రానికి దగ్గరగా వెనుక తొక్కేవాళ్లకు ఆ శ్రమలో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా తగ్గుతుంది. అందుకే ముందుండేవాళ్లు కాసేపు లాగి, పక్కకు తప్పుకుని, వరుస చివరికి వస్తారు. తర్వాతివాళ్లు ముందుకొస్తారు. ఇక్కడే కొత్తవాళ్లు పొరపాటు చేస్తారు. తమ వంతు రాగానే ఉత్సాహంతో వేగం పెంచేస్తారు. వరుస తెగిపోతుంది, చివరనున్న బలహీనుడు ఒంటరిగా గాలిలో పడిపోతాడు. ముందుండేవాళ్ల పని వేగం పెంచడం కాదు, ఉన్న వేగాన్ని నిలబెట్టడం. ఎక్కుడు వస్తే ఎవరి గేరులో వాళ్లు ఎక్కి, పైన కలుసుకోవాలి.

ముందున్నవాళ్లకే దారి కనపడుతుంది కాబట్టి వాళ్ల చేయి మిగతావాళ్లకు కన్నవుతుంది. గుంతుంటే ఆ వైపు వేలు చూపాలి. స్పీడు బ్రేకర్ అని, బర్రెలు అని, వెనుక లారీ అని గట్టిగా అరవాలి. ఆ కేక వరుసలో చివరిదాకా ఒకరి నుంచి ఒకరికి అందాలి. కోతల కాలంలో ఈ జిల్లాల్లో ఇంకో గండం ఉంది. రోడ్డు మీద సగం దాకా వడ్లు ఆరబోస్తారు, కుప్పల మీద టార్పాలిన్ కప్పి చుట్టూ రాళ్లు పెడతారు. చీకట్లో ఆ రాళ్లు కనపడవు. గంగాధర వైపు గ్రానైట్ లారీలు, ఆదిలాబాద్ వైపు పత్తి లారీలు ఎదురవుతాయి. పత్తి బండి రోడ్డు అంచు దాకా ఉబ్బి వస్తుంది. అది కనపడగానే దిగి నిలబడటమే తెలివి. బ్రెవేల్లో రాత్రిపూట ముందూ వెనకా లైట్లు, మెరిసే జాకెట్ లేనివాళ్లను పోనివ్వరు. స్నేహితుల మధ్య వారాంతపు ప్రయాణానికీ ఆ నియమాన్ని సడలించకూడదు.

కాలాన్ని కాపాడుకోవడం ఇంకా సూక్ష్మమైన విద్య. గంటకు 20 కిలోమీటర్ల చొప్పున 200 కిలోమీటర్లకు పది గంటలు పడుతుంది; మూడున్నర గంటలు మిగులుతాయి. వింటే ఎక్కువే. కానీ ఐదుగురి గుంపులో ఒకరు చాయ్ కోసం, ఒకరు ఫోన్ కోసం, ఒకరు చెప్పులో రాయి కోసం, ఇలా ఐదుగురూ వేర్వేరు చోట్ల పదేసి నిమిషాలు ఆగితే 50 నిమిషాలు పోతాయి. అందరూ ఒకేచోట ఆగితే పోయేది పది నిమిషాలే. అనుభవమున్న గుంపులు ఆగే చోట్లను ముందే రాసుకుంటాయి: ధర్మారం, లక్షెట్టిపేట, జన్నారం. ఒకరు సీసాలు నింపుతుంటే ఒకరు బిల్లు తీసుకుంటారు. బ్రెవేలో ఫలానా చోటు దాటామనడానికి ఆ బిల్లు రుజువుగానూ పనికొస్తుంది.

తిండి విషయంలో ఫ్రెంచి సైకిలిస్టు పాల్ ద వివీ చెప్పినవే ఇప్పటికీ ప్రమాణం. వెలోసియో పేరుతో రాసిన ఆయన జీవితకాలం 1853–1930. ఆకలి కాకముందే తినమన్నాడు, దప్పిక కాకముందే తాగమన్నాడు, మొదటి గంటల్లో బలాన్ని దాచుకోమన్నాడు, గొప్ప చూపించుకోవడానికి తొక్కొద్దన్నాడు. శరీరశాస్త్రం తర్వాత అదే తేల్చింది. కండరాల్లో, కాలేయంలో నిలువ ఉండే గ్లైకోజెన్ నాలుగైదు వందల గ్రాములే. తినకుండా తొక్కితే కొన్ని గంటల్లో ఖాళీ. అందుకే గంటకు ముప్పై నుంచి అరవై గ్రాముల పిండిపదార్థం నోట్లో పడుతూ ఉండాలి. దానికి విదేశీ జెల్ పొట్లాలు అక్కర్లేదు. రెండు అరటిపళ్లు, బెల్లం పల్లీపట్టీ, అటుకులు, పొద్దున సర్వపిండి చాలు. ఉప్పేసిన పల్చటి సల్ల ఎండలో ఏ రంగు పానీయానికీ తీసిపోదు. ఉత్త నీళ్లే లీటర్లకు లీటర్లు తాగితే రక్తంలో సోడియం పడిపోయి ప్రాణం మీదికొస్తుంది, కాబట్టి జేబులో ఓఆర్ఎస్ పొట్లం ఉండాలి. కాలం కూడా చూసుకోవాలి. మే నెలలో జగిత్యాల, ఆదిలాబాద్ ప్రాంతాల్లో 45 డిగ్రీలు దాటిన రోజులున్నాయి. అప్పుడు పగటిపూట దూరప్రయాణం వద్దే వద్దు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఐతే ఆదిలాబాద్ అడవుల చలి తెల్లవారుజామున వేళ్లను కొంకర్లు పోయేలా చేస్తుంది, బ్రేకు పట్టలేరు. చలి పుట్టాక కాదు, పుట్టకముందే స్వెట్టర్ వేసుకోవాలి.

స్నేహితుల గుంపుకు అచ్చంగా సరిపోయే రూపం ఈ సంప్రదాయంలో ఇంకొకటుంది. దాని పేరు ఫ్లెష్. 1947 నుంచి ఫ్రాన్స్‌లో ఈస్టర్ రోజుల్లో, వెలోసియో పేరు మీదే జరుగుతోంది. మూడు నుంచి ఐదు సైకిళ్ల జట్టు 24 గంటల్లో కనీసం 360 కిలోమీటర్లు పోవాలి. ఒకేచోట రెండు గంటలకు మించి ఆగకూడదు. చివరికి కనీసం మూడు సైకిళ్లు కలిసి చేరాలి. ఇద్దరే మిగిలితే, వాళ్లు ఎంత బలవంతులైనా, ఆ జట్టుకు గుర్తింపు రాదు. ఈ ఒక్క నియమం జట్టు నడకనే మార్చేస్తుంది. రాత్రి రెండింటికి ఒకరికి మోకాలు పట్టేస్తే అది అందరి మోకాలవుతుంది. అతని సంచి ఇంకొకరు మోస్తారు, అతన్ని వరుసలో గాలి తగలని చోట పెడతారు, వేగం తగ్గిస్తారు.

ఫ్లెష్‌లో జట్లు వేర్వేరు ఊళ్ల నుంచి తమకు నచ్చిన దారి గీసుకుని ఒకే గమ్యానికి వస్తాయి. ఉత్తర తెలంగాణ పటం అందుకు అనువైనది. చొప్పదండి నుంచి ఒక జట్టు, నిర్మల్ నుంచి ఒకటి, మంచిర్యాల నుంచి ఒకటి, వరంగల్ నుంచి ఒకటి శనివారం పొద్దున కదిలి, ఎవరి చుట్టు వాళ్లు తిరిగి, ఆదివారం పొద్దున ధర్మపురిలో కలవవచ్చు. చొప్పదండి జట్టుకు ధర్మపురి దగ్గరే కాబట్టి కడెం, నిర్మల్ దాటి పోయి చుట్టి రావాల్సి ఉంటుంది. ఫిబ్రవరిలో ఐతే మెట్‌పల్లి, కోరుట్ల చేలల్లో పసుపు ఉడికిస్తుంటారు. మబ్బుల లేచి పని మొదలుపెట్టే రైతుల దగ్గర పొయ్యి, చాయ్ రెండూ దొరుకుతాయి.

ముందుగా కావాల్సింది మాత్రం నెలకు రెండు ఆదివారాలు. చొప్పదండి నుంచి రాయపట్నం పోయి వస్తే నూరు కిలోమీటర్లకు కాస్త తక్కువ. అది సుఖంగా సాగితే 200 బ్రెవేకు పేరు ఇవ్వొచ్చు. ప్రతి ఒక్కరి దగ్గరా రెండు ట్యూబులు, పాచ్ డబ్బా, గాలి పంపు, చైను కలిపే లింకు ఉండాలి. వాటిని వాడటం ఇంటి ముందు, వెలుతురులో, కనీసం రెండుసార్లు నేర్చుకుని ఉండాలి.