నాన్న సూటుకు జిప్పు

1897లో కుట్టిన సూటు ఒకటుంది. రోత్సే హంటింగ్ టార్టన్ అనే స్కాట్లండ్ గళ్ల బట్ట. బాల్మోరల్ కోటలో వేట నుంచి తిరిగొచ్చాక తేనీటి వేళ వేసుకోవడానికి తర్వాత బ్రిటన్ రాజైన అయిదో జార్జి దాన్ని కుట్టించుకున్నాడు. ఆయన తర్వాత అది పెద్దకొడుక్కి వచ్చింది. కొడుకు దాన్ని తన ఒంటికి సరిచేయించుకుని, ప్యాంటుకు గుండీలు తీయించి జిప్పు పెట్టించాడు. ఫ్రాన్సులో ఒక రాత్రి భోజనానికి అదే వేసుకున్నాడు. అతిథుల్లో ఒకరు ఈ సంగతి బట్టల వ్యాపారంలో ఉన్న మిత్రుడి చెవిన వేస్తే, అది తంతి మీద అమెరికా చేరింది. నెలలు తిరిగేసరికి అక్కడ విందు కోట్ల నుంచి ఈత లాగుల దాకా ఆ గళ్లే.

ఆ కొడుకు ఎనిమిదో ఎడ్వర్డ్. 1936 జనవరిలో గద్దెనెక్కి, వాలిస్ సింప్సన్‌ను పెళ్లాడటానికి ఆ డిసెంబరులోనే దిగిపోయాడు. ఆ తర్వాత డ్యూక్ ఆఫ్ విండ్సర్‌గా బతికి 1972లో పారిస్‌లో కన్నుమూశాడు. 1937లో జర్మనీ వెళ్లి హిట్లర్‌ను కలిసొచ్చినవాడు కూడా ఆయనే. ఆ మరక చెరిగేది కాదు. అయినా మగవాళ్ల సంప్రదాయ దుస్తులంటే మక్కువ ఉన్నవాళ్లు నేటికీ ఆయన ఫొటోలు ముందేసుకుని కూర్చుంటారు. ఈ కాలమ్ రాసే మనిషీ అందులో ఒకడు. ఆ ఫొటోల్లో వెతికేది దర్జా కోసం కాదు, కోటు ఒంటిమీద ఎంత తేలిగ్గా కూర్చుందో చూడటానికి.

ఆ తేలికతనం తండ్రితో పేచీ నుంచి వచ్చింది. అయిదో జార్జి యువకుడిగా నౌకాదళంలో పనిచేశాడు. ప్యాంటు ఇస్త్రీ మడత ముందువైపు కాక పక్కలకు వచ్చేలా వేసుకునేవాడు. కాలం మారినా ఫ్రాక్ కోటు వదల్లేదు. కొడుకు పాదాల దగ్గర మడత పెట్టిన ప్యాంటుతో కనబడితే, ఇంట్లో వాన పడుతోందా అన్నట్టు ఎత్తిపొడిచేవాడు. గంజి పెట్టిన చొక్కా, మెడ కోసుకుపోయే కాలరు, బిగదీసిన కోటు. పెద్దరికం అంటే ఇదే అని నమ్మిన ఇంట్లో పెరిగిన కుర్రాడు జీవితమంతా మెత్తటి బట్ట కోసం, వదులు కోసం వెతికాడు.

వెతికినది లండన్‌లో దర్జీల వీధి సావిల్ రోలో ఫ్రెడరిక్ షోల్టే దగ్గర దొరికింది. నెదర్లాండ్స్ నుంచి వచ్చిన దర్జీ ఆయన. 1919 నుంచి 1959 దాకా, నలభై ఏళ్లు, ఎడ్వర్డ్ కోట్లు ప్రధానంగా ఆ దుకాణానివే. గార్డ్స్ దళం అధికారులు పొడవాటి ఓవర్‌కోటు మీద బెల్టు బిగించినప్పుడు ఛాతీ దగ్గర బట్ట నిండుగా ఉబికి రావడం, మనిషి విశాలంగా, నడుం సన్నగా కనబడటం షోల్టే గమనించాడు. ఆ నిండుతనాన్ని మామూలు కోటులోకి తేవాలనుకున్నాడు. ఛాతీకీ, వెనక రెక్కల ఎముకల దగ్గరా కాస్త బట్ట ఎక్కువ వదిలాడు. భుజాల్లో దూది తగ్గించాడు. లోపల వేసే కాన్వాసును మెత్తబరిచాడు. చేతి పైభాగం వెడల్పుగా కత్తిరించి, దాన్ని చిన్న చంక గుంటలోకి నేర్పుగా కుదించి కుట్టాడు. తెల్లవాళ్ల దర్జీల భాషలో ఈ కత్తిరింపు పేరు డ్రేప్. చంక పక్కన నిలువుగా సన్నని మడత పడుతుంది. తెలియనివాళ్లు దాన్ని కుట్టు లోపం అనుకుంటారు. నిజానికి చెయ్యి కదలడానికి ముందే దాచిపెట్టిన బట్ట అది. షోల్టే దగ్గర పని నేర్చిన పెర్ ఆండర్సన్ చేతుల మీదుగా ఈ పద్ధతి ఆండర్సన్ అండ్ షెపర్డ్ దుకాణానికి వెళ్లింది. హాలీవుడ్ నర్తకుడు ఫ్రెడ్ అస్టేర్ అంత హాయిగా చిందులేసింది వాళ్లు కుట్టిన కోట్లలోనే.

ప్యాంట్ల కథ వేరు. కోటు లండన్‌లో, ప్యాంటు మాత్రం న్యూయార్క్‌లో హెచ్. హ్యారిస్ అనే దర్జీ దగ్గర. ఎడ్వర్డ్‌కు భుజాల మీద పట్టీలు గిట్టవు. అమెరికా వాళ్లలా నడుం దగ్గర బెల్టు కావాలి. ఒక్క సూటు కోసం రెండు ఖండాలు! అంత సొమ్ము అందరికీ ఉండదు. కానీ నచ్చిన పనివాడు ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరికి బట్ట పట్టుకెళ్లడం మనవాళ్లకీ తెలిసిన సంగతే.

రంగుల్లో కూడా ఆయనకు కారణం లేని పని ఉండదు. కరెంటు దీపాల కింద నల్ల బట్ట కాస్త పచ్చగా, పాతగా కొడుతుంది. చిక్కటి అర్ధరాత్రి నీలం అయితే నలుపుకన్నా నల్లగా నిలుస్తుంది. పైగా పత్రికల ఫొటోల్లో నల్లకోటు ఒక ముద్దలా వచ్చేది. నీలంలో లాపెల్, గుండీలు, జేబులు విడివిడిగా కనబడేవి. రాత్రి విందు కోటుకు ఆ నీలాన్ని అందుకే ఎంచుకున్నాడు. 1922లో సెయింట్ ఆండ్రూస్ గోల్ఫ్ మైదానానికి షెట్లండ్ దీవుల ఫెయిర్ ఐల్ స్వెట్టరు వేసుకెళ్లాడు. జాలర్లు వేసుకునే ఆ రంగురంగుల అల్లికకు ఒక్కసారిగా గిరాకీ వచ్చింది. అల్లేది ఆ దీవుల ఆడవాళ్లు. ఆయన బట్టల పిచ్చివల్ల ఎవరికైనా మేలు జరిగిందంటే ముందు వాళ్లకే.

ఆయన పేరుతో చలామణీ అవుతున్న విండ్సర్ ముడి మాత్రం ఆయన వేసింది కాదు. టై లోపలి అస్తరు మందంగా పెట్టించి, అందరూ వేసే మామూలు ముడే వేసుకునేవాడు. అది లావుగా కనబడేది. దాన్ని అనుకరించబోయిన వాళ్లు చుట్టూ తిప్పి తిప్పి కొత్త ముడి కనిపెట్టారు.

ఈ కథలో మన దేశం పాత్రా ఉంది. 1921 నవంబరు 17న ఆయన యువరాజుగా బొంబాయి రేవులో దిగాడు. అదే రోజు ఆ ఊళ్లోనే గాంధీ విదేశీ బట్టల గుట్టకు నిప్పు పెట్టారు. ఊళ్లో అల్లర్లు చెలరేగి ప్రాణాలు పోయాయి. గాంధీ నిరాహార దీక్షకు దిగారు. దానికి రెండు నెలల ముందే, సెప్టెంబరు 22న, మదురైలో ఆయన చొక్కా విడిచి కొల్లాయికి మారారు. తర్వాతి జనవరిలో యువరాజు హైదరాబాదుకూ వచ్చి నిజాం ఆతిథ్యం అందుకున్నాడు. బట్టను ప్రాణంలా చూసుకున్న ఇద్దరు మనుషులు ఒకే రోజు ఒకే ఊళ్లో ఎదురైనట్టే. ఒకరికి అది తన ఒంటి సుఖం. మరొకరికి అది నేతగాడి కూడు. అలనాటి ఆంధ్ర పల్లెల్లో రాట్నం తిప్పిన చేతుల పక్షాన నిలబడి చూస్తే, ఆ బొంబాయి మంటను తప్పుపట్టడం కష్టం. అలాగని షోల్టే పనితనాన్ని తక్కువ చేయాలనీ అనిపించదు. పదేళ్లకు, 1931 నవంబరులో, అదే గాంధీ కొల్లాయితో, శాలువాతో బకింగ్‌హాం భవనానికి వెళ్లి, ప్యాంటు మడతకే అడ్డుచెప్పిన అయిదో జార్జిని కలిశారు.

1998 ఫిబ్రవరిలో న్యూయార్క్ సదబీస్ వాళ్లు డ్యూక్ దంపతుల సామాన్లు వేలం వేశారు. వస్తువులు నలభై వేలకు పైనే. వాటిలో దశాబ్దాల తరబడి తొడిగిన కోట్లున్నాయి. ఆయన ఒళ్లు పెంచలేదు, బట్ట పారేయలేదు.

మన ఊళ్లలో ఇప్పుడు సూటు అంటే పెళ్లి రిసెప్షన్. ముహూర్తానికి పది రోజుల ముందు కొలతలు, ముందురోజు ట్రయల్. భుజాల్లో దిండ్లు, ఛాతీలో అట్టలాంటి బక్రం, మే నెల ఉక్కపోత. పెళ్లికొడుకు అక్షింతలు వేసేవాళ్లకు వంగి దణ్ణం పెట్టగానే కోటు మొత్తం పైకి లేస్తుంది, కాలరు మెడను వదిలేస్తుంది. చంక గుంట కిందికి దిగిపోవడమే అందుకు ముఖ్య కారణం. రెడీమేడ్ కోట్లలో అన్ని ఒళ్లకూ పట్టాలని ఆ గుంటను పెద్దగా పెడతారు. కొందరు మాస్టర్లూ అదే అలవాటు చేసుకున్నారు. చేతిని కదిలిస్తే కోటు మొండెం కూడా దాని వెంట వస్తుంది. గుంట చిన్నదై పైకి ఉంటే చెయ్యి ఒక్కటే లేస్తుంది.

ట్రయల్‌కు వెళ్లినప్పుడు అద్దంలో సోకు చూసుకునే ముందు గుండీ పెట్టుకుని, బస్సులో పై కమ్మీ పట్టుకున్నట్టు రెండు చేతులూ ఎత్తి చూడాలి. కాలరు మెడకు అంటుకునే ఉంటే సరే. లేచిందంటే, "మాస్టారూ, చంక పైకి లేపి కుట్టండి" అని అప్పుడే చెప్పాలి. కానీ బట్ట ఒకసారి కోసేశాక ఆ గుంటను చిన్నది చేయడం ఏ మాస్టరుకైనా కష్టమే. అందుకే ఈ మాట మొదటి కొలతల రోజునే, కత్తెర పట్టకముందే చెప్పినవాడికి పని సులువు.