తోలు ఒర, పక్క పట్టీ

గొల్లపల్లి నుంచి జగిత్యాల పోయే రోడ్డు మీద పొద్దున పూట కాసేపు నిలబడితే, మోటారు సైకిలు మీద పొడుగాటి వస్తువును ఎట్లా పెట్టుకుపోవాలో పది తీర్లుగా కనిపిస్తుంది. ఒకాయన పారను ట్యాంకు పక్కన దూర్చి కామను తొడ కింద అదిమి పడతాడు. ఇంకొకాయన వెనక సీటుకు అడ్డంగా కట్టేసి ఎదురొచ్చేవాళ్లను బెదరగొడతాడు. ఆ పార పొలం గట్టు మీద చేతికందితే చాలు. యుద్ధంలో బండి నడిపిన సిపాయి తుపాకి సంగతి అట్లా కాదు. గుంతలో బండి ఎగిరితే అది జారిపోకూడదు, కావలసిన క్షణంలో ఇరుక్కోకూడదు, బండి పడితే మనిషి వెన్ను విరగ్గొట్టకూడదు. ఈ మూడూ ఒకదానికొకటి పడని కోరికలు. గట్టిగా కడితే తొందరగా రాదు, వదులుగా పెడితే నిలవదు.

పైగా బండి నడిపేవాడికి చేతులు ఖాళీ ఉండవు. అమెరికా సైన్యానికి 1940 నుంచి తయారైన హార్లీ డేవిడ్సన్ డబ్ల్యూఎల్ఏనే చూడండి. 45 క్యూబిక్ అంగుళాల ఇంజిను, అంటే దాదాపు 740 సీసీ. క్లచ్చి ఎడమ పాదం కింద ఉంటుంది. గేరు ట్యాంకు పక్కన, ఎడమ చేత్తో మార్చాలి. కుడి పిడి ఎక్సలేటరు, ఎడమ పిడి తిప్పితే స్పార్కు ముందుకూ వెనక్కూ జరుగుతుంది. గేరు మార్చినంతసేపూ హ్యాండిలు మీద ఒక్క చెయ్యే! ఇట్లాంటి మనిషి తుపాకిని ఎక్కడ పెట్టాలి?

హార్లీ జవాబు ముందు ఫోర్కు. చక్రానికి ఒక పక్కన తోలు ఒర, అందులో థామ్సన్ సబ్‌మెషిన్ గన్. గొట్టం కిందికి, బట్ పైకి. రెండో పక్కన తూటాల పెట్టె. థామ్సన్ బరువు 5 కిలోలకు దగ్గర. అంత బరువు ఫోర్కుకు ఒకే వైపు వేలాడితే హ్యాండిలు అటే లాగుతుంది. ఇంకోవైపు పెట్టె ఉంటే లాగుడు కొంత సర్దుకుంటుంది. బట్ నేరుగా చేతి ముందుకు రావడం ఇందులో అసలు సుఖం. వంగనక్కర్లేదు, వెనక్కి తిరగనక్కర్లేదు. గొట్టం మూతి కిందికి ఉన్నా తోలు లోపల ఉంటుంది కాబట్టి చక్రం లేపే దుమ్ము అందులోకి పోదు. ఆ దుమ్ముకు ఎంత భయపడ్డారో తెలియాలంటే ఆ బండి ఎయిర్ ఫిల్టరు చూడాలి. ఇంజినులోకి పోయే గాలిని నూనె మీదుగా పంపి మట్టిని అక్కడే పట్టేస్తుంది.

ఈ ఒర పుట్టింది మోటారు షెడ్డులో కాదు, గుర్రపు సాలలో. జీనుకు తుపాకి ఒరలు కుట్టే చేతులకు ఈ పని కొత్త కాదు. ఆ చేతుల నేర్పు కుట్టులో ఉంటుంది. ఒకే దారం, రెండు కొసల్లో రెండు సూదులు. ఆరెతో పొడిచిన ఒక్కో రంధ్రంలోంచి రెండు సూదులూ ఎదురెదురుగా దాటుతాయి. ఒకచోట దారం తెగినా పక్క కుట్లు విడిపోవు. మిషన్ కుట్టులో పైదారం, కిందిదారం ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఒకటి తెగితే వరుస వదులవుతుంది. మన పల్లెల్లో మోట బాయికి తోలు బొక్కెన కుట్టినవాళ్లకు ఈ తేడా చెప్పనక్కర్లేదు.

గుర్రం దగ్గర కూడా అందరి పద్ధతీ ఒకటి కాదు. అమెరికన్ రౌతు తుపాకి మూతిని కిందికి దించి ఒరలో పెట్టేవాడు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ రౌతు జీను వెనక కుడి పక్కన తోలు బకెట్టులో బట్ దించి, గొట్టాన్ని ఆకాశానికి నిలబెట్టేవాడు. ఆ యుద్ధానికి మన రౌతులూ పోయారు. నిజాం సంస్థానం నుంచి వెళ్లిన హైదరాబాద్ లాన్సర్లు సూయజ్, పాలస్తీనా వైపు పనిచేశారు. ఢిల్లీ తీన్‌మూర్తి విగ్రహాల్లో ఒకటి వాళ్లదే. మన నేలకు ఆ యుద్ధంతో ఇంకో బంధుత్వం కూడా ఉంది, దాన్ని ఎవరూ అంతగా తలచుకోరు. తంగేడు చెక్కతో పదును చేసిన తోళ్లు మద్రాసు రేవు నుంచి బ్రిటన్‌కు ఓడలకెక్కి, అక్కడ సైనికుల బూట్ల పైభాగాలయ్యాయి. బతుకమ్మలో పేర్చే పువ్వు చెట్టుకే ఆ చెక్క!

బ్రిటిష్ వాళ్లు రెండో యుద్ధంలో బండికి ఒర తగిలించడం కన్నా మనిషికి తగిలించడానికే మొగ్గారు. బీఎస్ఏ ఎం20, నార్టన్ 16హెచ్, మ్యాచ్‌లెస్ బండ్ల మీద ఉత్తరాలు మోసిన డిస్పాచ్ రైడరుకు సాధారణంగా నడుము మీద రివాల్వరు ఉండేది. చేతి నుంచి జారినా పోకుండా దానికి ఒక తాడు. లేదంటే వీపున స్టెన్ గన్. స్టెన్‌ను నీళ్ల పైపు ముక్క అని ఎగతాళి చేసినవాళ్లు చాలామంది. చవకగా, త్వరగా తయారుచేయాలని తయారుచేసిందే అది. కానీ మార్క్ 2లో ఒక చిన్న తెలివి నాకు భలే నచ్చుతుంది. మ్యాగజీను ఎడమ పక్కకు అడ్డంగా పొడుచుకొస్తుంది కదా, దాన్ని పట్టే గొట్టాన్ని పావు చుట్టు తిప్పితే ఖాళీ తూటా బయటికొచ్చే కంత మూసుకుంటుంది. అడ్డమూ పోయింది, దుమ్మూ ఆగింది. ఒకే తిప్పుతో రెండు పనులు. అయితే కింద పడితే దానంతటదే పేలే అలవాటు కూడా స్టెన్‌కు ఉంది. బండి మీంచి పడేవాడికి అది చిన్న విషయం కాదు.

ఇక జర్మన్ల దగ్గరికి వస్తే, నా లెక్కలో అన్నిటికన్నా మేలైన పనితనం అక్కడుంది. అది ఒర కాదు, సంచి కాదు, రైఫిల్ చెక్కలో తొలిచిన ఒక గాడి. 1935లో వచ్చిన కార్ 98కే రైఫిల్‌కు భుజాన వేసుకునే పట్టీ కింద ఉండదు, ఎడమ పక్కన ఉంటుంది. ముందు బ్యారెల్ బ్యాండు దగ్గర పక్కనే కంత, వెనక బట్‌కు ఆరపార ఒక గాడి. అందులోంచి పట్టీ దూరి వస్తుంది. మన పోలీసు స్టేషన్లలో తరాల పాటు చూసిన త్రీ నాట్ త్రీని గుర్తు తెచ్చుకోండి. దాని పట్టీ అడుగున ఉంటుంది, పది తూటాల మ్యాగజీను కడుపులా కిందికి దిగి ఉంటుంది. వీపున వేసుకుంటే అది అడ్డంగా పొడుచుకుంటూ ఒరుగుతుంటుంది. జర్మన్ రైఫిల్ తూటాలు ఐదే, అవి చెక్క లోపలే ఒదిగి ఉంటాయి. పట్టీ పక్కన ఉండడంతో ఎడమ వైపు వీపుకు అంటుకుని బల్లపరుపుగా పడుకుంటుంది. బోల్టు పిడి కుడివైపు, అంటే వీపుకు అవతల. దాన్ని కూడా నిటారుగా వదలకుండా కిందికి వంచారు. వంచాక వేళ్లకు పట్టు దొరకాలి కాబట్టి దాని కింద చెక్కను చెంచాతో తీసినట్టు లోతు చేశారు. పట్టీ పక్కకు మార్చే ఈ ఆలోచన అంతకు ముందు రౌతుల, సైకిల్ సిపాయిల పొట్టి తుపాకుల నుంచే వచ్చింది. బండికి ఏమీ బిగించలేదు. బండి పోయినా తుపాకి మనిషితోనే ఉంటుంది. హార్లీ ఒరలో తుపాకి వదిలి దూకినవాడికి ఆ సదుపాయం లేదు.

బరువైన తుపాకుల సంగతి వేరు, వాటికి సైడ్‌కారే దిక్కు. 1914లో బ్రిటన్ పెట్టిన మోటార్ మెషిన్ గన్ దళాల్లో ఒక బ్యాటరీకి 18 సైడ్‌కార్లు, కానీ తుపాకులు ఆరే. మిగతావి తూటాలు మోసేవి, అవసరానికి బదులు నిలిచేవి. జర్మన్ బీఎండబ్ల్యూ ఆర్75లో సైడ్‌కార్ చక్రానికీ ఇంజిను శక్తి అందేది, ముందు ఎంజీ34 నిలబడేది. బలమైన ఏర్పాటే, సందేహం లేదు. కానీ బరువును చక్రాల మీద వదిలేశాక మనిషి ఒంటికీ తుపాకికీ మధ్య ఉండే ఆ సున్నితమైన లెక్క ఇందులో ఉండదు. తర్వాత జీపు వచ్చి ఈ పనిని చాలావరకు లాగేసుకుంది.

ఈ వరుసలో చివర ఒక ఫ్రెంచి స్కూటరు ఉంది. 1950లలో పారాచూట్ దళాల కోసం చేసిన వెస్పా 150 టీఏపీ. సీటు కిందుగా, బండి పొడుగునా 75 మిల్లీమీటర్ల రికాయిల్‌లెస్ తుపాకి దూర్చి ఉంటుంది. ముందు కవచంలోంచి మూతి బయటికి చూస్తుంటుంది. ఫొటో చూసినవాళ్లంతా నడుపుతూ పేల్చేవారనుకుంటారు. అట్లా కాదు. దించాలి, స్టాండు మీద నిలపాలి, అప్పుడే పేల్చాలి. స్కూటరు పని దాన్ని అక్కడిదాకా చేర్చడమే.