గాలానికి తగిన తోక

తెనాలి కాలవ గట్ల మీద గాలం వేసేవాళ్ళ సంచులు ఈమధ్య మారాయి. ఎర్రల డబ్బా, తవుడు ముద్ద, జీలుగ బెండు, పుల్లకు చుట్టిన తంగూసు ఉండే చోట ఇప్పుడు రీలున్న కర్ర, అరలరల పెట్టె, దాన్నిండా రబ్బరు పురుగులు, రబ్బరు కప్పలు. వాటిలో కుర్రాళ్ళు మోజుపడి కొనేదీ, అంతగా అర్థం చేసుకోనిదీ జిగ్ అనే గాలం. సీసపు తల, ఆ తలలోంచే బయటికొచ్చిన కొక్కెం, మెడ చుట్టూ సన్నటి రబ్బరు దారాల కుచ్చు ఉంటాయి. కొక్కేనికి వెనక మెత్తటి రబ్బరు తోక ఒకటి గుచ్చుతారు. దాన్ని ట్రెయిలర్ అంటారు. ఈ తోక రెండున్నర అంగుళాలదా, మూడా, నాలుగా అన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. నా మట్టుకు వేటలో సగం దాని మీదే ఆధారపడి ఉంది.

ఎక్కువమంది పట్టదలచిన చేప నోటిని ఊహించుకుని తోక ఎంచుకుంటారు. పెద్ద చేప కావాలి కాబట్టి పెద్ద తోక అంటారు. అలా ఎంచుకుంటే రోజంతా ఖాళీ నీళ్ళే లాగాల్సి వస్తుంది. ఆ నీళ్ళలో ఆ వారం ఏ తిండి తిరుగుతోంది, అది ఎంత పొడవుంది అన్నది ముందు చూడాలి. తోక ఆ తిండికి సరిపోవాలి. గాలం పట్టిన మన పెద్దవాళ్ళు ఇదే పద్ధతిలో నడిచారు. నీటి అంచున ఏ పిల్లలు మెదులుతున్నాయో, గడ్డిలో ఏ కప్పలు ఎగురుతున్నాయో చూసుకున్నాకే ఎర తీసేవాళ్ళు.

ఈ సామాను పుట్టింది అమెరికాలో, అక్కడి బాస్ చేపల కోసం. 1920ల నుంచే అక్కడ గాలం వెనక ఊరబెట్టిన పంది తోలు ముక్క తగిలించేవారు. అది నీళ్ళలో మెత్తగా ఊగేది. 1949లో ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్‌లో నిక్ క్రీమ్ అనే ఆయన మెత్తటి ప్లాస్టిక్‌తో వానపామును పోతపోశాక తోలు స్థానంలోకి ప్లాస్టిక్ వచ్చింది. ఆలోచన మాత్రం మనకు కొత్తది కాదు. ఎర్రను గాలానికి గుచ్చేటప్పుడు మొత్తం ఎక్కించకుండా అంగుళం ముక్క కిందికి వేలాడనిస్తాం కదా. చేపను పిలిచేది ఆ వేలాడే ముక్క కదలికే. జిగ్ తోక చేసే పని కూడా అదే. ప్యాకెట్ల మీద రాసిన కొలతలు మాత్రం చలిదేశపు సరస్సులకు సరిపోయేవి. మన కాలవలకు, డ్రెయిన్లకు, ఏటి మొగలకు వాటిని మనమే దిద్దుకోవాలి.

తెనాలి దగ్గర మొదలుపెడదాం. ప్రకాశం బ్యారేజీ నుంచి పశ్చిమ డెల్టాకు వచ్చే నీరు దుగ్గిరాల లాకుల దగ్గర కాలవలుగా చీలుతుంది. వాటిలో మూడు తెనాలి ఊరి నడుమ నుంచే సాగుతాయి. ఈ నీళ్ళలో గాలం వేసేవాడి కన్ను కొరమీను మీదే ఉంటుంది. కొరమీను నీటిలోని గాలితో సరిపెట్టుకోదు. పైకొచ్చి గాలి మింగి మళ్ళీ దిగుతుంది. అందుకే కాలవలు కట్టేసి గుంటల్లో నీళ్ళు వేడెక్కి, మిగతా చేపలు నీరసించే రోజుల్లో కూడా ఇది చురుగ్గానే ఉంటుంది. గుర్రపు డెక్క కింద, తూటికాడల నీడలో పొంచి ఉండి దగ్గరకొచ్చినదాన్ని ఒక్క ఉరుకులో అందుకుంటుంది. దూరం తరమడం దాని స్వభావం కాదు.

కొత్త నీరు వదిలిన రోజుల్లో కాలవ ఎర్రగా, బురదగా ఉంటుంది. చేపకు కన్ను సరిగా పనిచేయదు. ఒంటి పక్కగా ఉండే గీత ద్వారా నీటి కదలికను పసిగట్టి దాడి చేస్తుంది. అప్పుడు నాలుగు అంగుళాల తోక కావాలి. అది వెడల్పుగా, కాళ్ళు కొట్టుకునే రకమై, నల్లగానో ముదురు నీలంగానో ఉంటే మంచిది. పొడవు కంటే అది తోసే నీరే ఇక్కడ ముఖ్యం. అక్టోబరు దాటి నీరు తేటపడేసరికి లెక్క మారుతుంది. ఆ ఏడు పుట్టిన పరిగె పిల్లలు రెండు మూడు అంగుళాలకు ఎదిగి గుంపులుగా తిరుగుతుంటాయి. మూడు అంగుళాల సన్నటి తోక, లేత రంగుది, వాటిలో ఒకటిగా కలిసిపోతుంది. అదే నీళ్ళలో నాలుగున్నర అంగుళాల తోక వేస్తే కొరమీను వెంటపడి వచ్చి, తేరిపార చూసి, వెనక్కి తిరిగిపోవడం గట్టు మీద నుంచే కనిపిస్తుంది.

వరికోతల ముందు చేలల్లో నీళ్ళు తీసేసే రోజులు అన్నిటికంటే మంచివి. ఆ నీటితో పాటు చిన్న కప్పలు, పరిగెలు, పురుగులు బోదెల్లోంచి కాలవలోకి జారిపడతాయి. బోదె కాలవలో కలిసే చోట కొరమీను కాపు వేస్తుంది. అక్కడికి దిగే తిండి రకరకాల కొలతల్లో ఉంటుంది కాబట్టి చేప కూడా అంత పట్టింపుగా ఉండదు. మూడున్నర అంగుళాల తోక రెండు వైపులా పనికొస్తుంది. సంక్రాంతి చలిలో, పొద్దున్నే మాత్రం రెండున్నర అంగుళాలకు దిగిపోవాలి. చల్లటి నీళ్ళలో చేప ఒళ్ళు మందగిస్తుంది, అరుగుదల తగ్గుతుంది. పెద్ద ముద్ద కోసం శ్రమపడదు. కొట్టుకునే కాళ్ళు లేని నిటారు తోకను అడుగున మెల్లగా జరిపితే నోరు తెరుస్తుంది.

ఇప్పుడు తోక పొడవుతో ముడిపడ్డ అసలు సంగతికి వద్దాం, అది జిగ్ కిందికి దిగే వేగం. జిగ్‌ను చేప ఎక్కువసార్లు అందుకునేది అది కిందికి దిగుతున్నప్పుడే. లాగుతున్నప్పుడు అంత కాదు. పది గ్రాముల తలకు మూడు అంగుళాల సన్న తోక తగిలిస్తే చకచకా అడుక్కు పోతుంది. అదే తలకు నాలుగు అంగుళాల వెడల్పు తోక తగిలిస్తే నీరు దాన్ని ఆపుతూ ఉంటుంది, నిదానంగా దిగుతుంది. తోక మార్చడమంటే చేప ముందు మన ఎర ఎంతసేపు ఉండాలో మార్చడమే. నడుము లోతు కాలవలో జిగ్ గబుక్కున అడుగు తాకితే చేపకు చూసే వ్యవధే లేదు. అక్కడ ఏడు గ్రాముల తల, వెడల్పు తోక సరైన జోడీ. లాకుల కింద, నీరు సుడితిరిగే చోట దీనికి తిరగబడిన జోడీ కావాలి. పద్నాలుగు గ్రాముల తల, సన్న తోక ఉంటేనే ప్రవాహాన్ని చీల్చుకుని చేప ఉన్న లోతుకు చేరుతుంది. ఎర పరిమాణం పెంచాలనిపించి, వేగం తగ్గకూడదనుకుంటే తలబరువు కూడా పెంచాలి. ఒకటి మార్చి రెండోది మరిచిపోతే కొత్త తోక పనిచేయలేదనుకుని పెట్టెలో పడేస్తాం.

కొక్కెం నోటి సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ములుకుకూ కాడకూ మధ్య ఉండే ఖాళీనే చేప దవడను పట్టేది. లావుపాటి తోక ఆ ఖాళీని నింపేస్తే చేప కరిచినా ములుకు బయటికి రాదు. తోక మందం ఆ ఖాళీలో సగానికి మించకపోవడం నేను పాటించే హద్దు. కొరమీను దవడ గట్టిది, మెత్తటి ముద్ద మీద పళ్ళు దించి బిగబట్టి కూర్చుంటుంది. మనం లాగినప్పుడు ముద్ద జరిగి ములుకు తేలాలి. మూడు అంగుళాల తోకకు 3/0 గాలం, నాలుగు అంగుళాలదానికి 4/0 లేక 5/0 సరిపోతాయి. గాలాల నంబర్లు కొత్తవాళ్ళను తికమకపెడతాయి. 10 కంటే 6 పెద్దది, 6 కంటే 1 పెద్దది. పక్కన గీత, సున్నా చేరాక మాత్రం అంకె పెరిగినకొద్దీ గాలం పెద్దదవుతుంది.

బాపట్ల వైపు వెళ్తే కాలవల కంటే డ్రెయిన్లదే రాజ్యం. నల్లమడ, రొంపేరు డ్రెయిన్లు డెల్టా మురుగునీటిని సముద్రానికి మోస్తాయి. పోటు వచ్చినప్పుడు ఉప్పునీరు వాటిలోకి ఎదురెక్కుతుంది. ఎగువన కొరమీను, దిగువన పండుగప్ప, నడుమ ఏది తగులుతుందో వేసిచూస్తే గాని తెలియదు. ఇక్కడ తోక కొలతకు రొయ్యల రైతు దగ్గరే కొలబద్ద ఉంది. వంద కౌంట్ అంటే కిలోకు వంద రొయ్యలు, ఒక్కోటి పది గ్రాములు, పొడవు నాలుగు అంగుళాలకు కాస్త పైన. యాభై కౌంట్ అయితే ఐదు అంగుళాల పైమాట. చెరువుల్లో పట్టుబడి జరిగి నీళ్ళు డ్రెయిన్‌లోకి వదిలినప్పుడు తప్పించుకున్న రొయ్యల కోసం చేపలు తూము దగ్గర చేరతాయి. ఏ కౌంట్‌లో పట్టారని ఒక్క మాట అడిగితే చాలు, పెట్టెలోంచి ఏ తోక తీయాలో తెలిసిపోతుంది.

రేపల్లె దిగువన కృష్ణ సముద్రంలో కలిసేచోటు, లంకెవానిదిబ్బ వైపు మడ అడవుల పాయలు పండుగప్ప నీళ్ళు. అక్కడ కొంత భాగం 1989లో ప్రకటించిన కృష్ణా అభయారణ్యం. దాని హద్దులు తెలుసుకుని బయటే ఆగాలి. అమెరికా వాళ్ళ బాస్ ఇక్కడ దొరకదు. పండుగప్పను ఇంగ్లీషులో సీబాస్ అంటారు, ఆస్ట్రేలియాలో బారముండి అంటారు. నోరు పెద్దది, దాన్ని ఒక్కసారిగా విప్పి నీటితో సహా ఎరను లోపలికి పీల్చేస్తుంది. పిల్ల దశలో తన పొడవులో దాదాపు 60 శాతం ఉన్న తోటి పిల్లను కూడా మింగగలదు. పండుగప్పలు పెంచేవాళ్ళు పిల్లలను కొలతల వారీగా మళ్ళీ మళ్ళీ వేరుచేయడం అందుకే. ఇంత మింగగల చేపకు ఎంత పెద్ద తోకయినా పనికొస్తుందనిపించడం సహజం. కాని పాయలో ఆరోజు పోటుతో రెండు అంగుళాల రొయ్యపిల్ల కుప్పలుగా వస్తుంటే పెద్ద పండుగప్ప కూడా వాటినే తింటుంది. కష్టపడి తరమాల్సిన పెద్ద ఎర కన్నా నోటి ముందుకు కొట్టుకొచ్చే చిన్న తిండి దానికి లాభం. ఆ పూట నాలుగు అంగుళాల తోకను అది ముట్టదు.

ఈ నీళ్ళలో కొలతను నిర్ణయించేది పోటు. అమావాస్యకూ పున్నమికీ నీరు బలంగా కదులుతుంది, మడవేళ్ళలోకి దూరం వెళ్ళి అంతే వేగంగా వెనక్కి తీస్తుంది. తీసే నీటితో కత్తిపరిగెలు బయటికొస్తాయి. పాయ మొదట్లో పండుగప్ప నిలబడి ఉంటుంది. అప్పుడు నాలుగు నుంచి ఐదు అంగుళాల తోక, కత్తిపరిగెలా వెండిరంగుది, బరువైన తలతో వేయాలి. అష్టమి నీళ్ళు మందంగా ఉంటాయి. రొయ్య తప్ప పెద్దగా ఏమీ కదలదు. మూడు అంగుళాలు, తేలిక తల చాలు.

పండుగప్ప విషయంలో తోక కొలతకు మరో బరువు కూడా ఉంది. ఈ చేప చాలావరకు మగదిగా ఎదిగి, కొన్నేళ్ళ తర్వాత ఆడదిగా మారుతుంది. బాగా పెద్ద పండుగప్ప అంటే దాదాపుగా గుడ్లు పెట్టే తల్లే. పెద్ద తోకలే వేసి పెద్ద చేపలే పట్టుకుపోతే మొగలో మిగిలేవి మగచేపలు. కూరకు కిలో, రెండు కిలోల చేప మంచిది. దానికి మూడు, మూడున్నర అంగుళాల తోక చాలు. అంతకు మించింది తగిలితే నీళ్ళలోనే గాలం విప్పి వదలమని నేను గట్టిగా చెబుతాను. కొరమీనుకూ ఇలాంటి హద్దే ఉంది. వానాకాలంలో ఎర్రటి పిల్లలు బంతిలా కూడి నీటిపైన తేలుతుంటే కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. అప్పుడవి ఆకలి లేకపోయినా, దగ్గరకొచ్చిన ఏ తోకనైనా పిల్లల కోసమే కరుస్తాయి. ఆ చేపను పడితే పిల్లలు పరిగెల పాలు, జెల్లల పాలు. ఆ గుంపు కనిపించిన చోట గాలం వేయకూడదు.

రబ్బరు సామానును నేను సమర్థించేది ముఖ్యంగా కప్ప కోసం. కొరమీనుకు బతికున్న కప్పను గుచ్చడం ఇక్కడ పాత అలవాటు. కప్పలు పొలంలో పురుగులు తినే జీవులు. వాటి కాళ్ళ ఎగుమతిని 1987లో కేంద్రం నిషేధించింది. వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా మన పెద్ద బావురుకప్పకు రక్షణ ఇస్తోంది. రబ్బరు కప్ప, జిగ్ తోక వచ్చాక బతికున్నదాన్ని గుచ్చాల్సిన అవసరం పోయింది. అయితే ఈ రబ్బరు నీళ్ళలో కరగదు. తెగి పడ్డ తోకను చేప మింగితే కడుపులో ఉబ్బి అలాగే ఉండిపోతుంది. చిరిగిన తోకలకు పెట్టెలో ఒక అర ఖాళీగా ఉంచుకోవాలి, గట్టు మీద ముక్క వదలకూడదు.

తోక కురచ చేయాల్సి వస్తే చివర కోయకూడదు, కదలిక అంతా అక్కడే ఉంది. కొక్కేనికి ఎక్కే తల వైపు అర అంగుళం తీసేయాలి. చేప తోక కొస మాత్రం కొరికి వదిలేస్తుంటే అదే మందు: నాలుగు అంగుళాలది మూడున్నరకు తగ్గితే కొక్కెం తోక చివరకు దగ్గరవుతుంది, తర్వాతి కాటు ములుకు మీద పడుతుంది. తల చిరిగిన తోకలను కూడా ఇలాగే కోసుకుంటూ పోతే నాలుగు అంగుళాల ప్యాకెట్ ఒకటి కొత్తనీటి రోజుల నుంచి సంక్రాంతి చలిదాకా, ప్రతి నెలకూ కావలసిన కొలతలో పనికొస్తుంది. పెట్టెలో వంగిపోయిన తోకను కాసేపు వేడినీళ్ళలో ముంచితే మళ్ళీ నిటారుగా వస్తుంది. వంకర తోక నీళ్ళలో గిర్రున తిరిగి తంగూసును మెలేస్తుంది కాబట్టి ఈ పని బయల్దేరే ముందే ఇంట్లో చేసుకోవాలి.