చర్ల దారిలో పక్షుల లెక్క

భద్రాచలం నుంచి దుమ్ముగూడెం, సత్యనారాయణపురం మీదుగా చర్ల చేరే దారి దాదాపు 60 కిలోమీటర్లు. బండి ఆపకుండా పోతే ఒక పూట కూడా పట్టదు. ఎడమ పక్కన గోదావరి, కుడి పక్కన రాష్ట్ర సరిహద్దు దాటి బస్తరు దాకా సాగే అడవి, నడుమ వరి, మిరప చేలు. ఈ దారిన వచ్చేవాళ్లలో చాలామంది పర్ణశాల చూసి, తాలిపేరు ప్రాజెక్టు గేట్ల దగ్గర ఫొటో దిగి, వెనక్కి తిరుగుతారు. నడుమ ఉన్న పిట్టలు ఎవరి లెక్కలోకీ రావు. ఆ లెక్క రాయడం తీరిక ఉన్నవాళ్ల కాలక్షేపమని అనుకుంటాం. నిజానికి దారి పొడవునా ఆగుతూ, వింటూ, రాసుకుంటూ సాగే ప్రయాణం నేలను తెలుసుకునే పాత పద్ధతి. ఒక ప్రాంతంలో ఏం మిగిలింది, ఏం పోయింది అన్న ప్రశ్నకు నమ్మదగిన సాక్ష్యం చాలాసార్లు ఆ పద్ధతి నుంచే వచ్చింది. చర్ల వంటి సరిహద్దు అడవికి ఆ సాక్ష్యం ఇప్పుడు చాలా అవసరం.

మజిలీ ప్రయాణం తెలుగువాళ్లకు కొత్త కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో మద్రాసు నుంచి పరివారంతో, డేరాలతో బయలుదేరి, కాశీ దాకా వెళ్లి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. ఏ ఊరికి ఎంత దూరం, దారి ఎలా ఉంది, మకాంలో నీళ్లకు, సరుకులకు వసతి ఉందా అన్నది రోజు రోజూ రాసుకున్నారు. అందుకే ఆయన పుస్తకం కాశీయాత్ర చరిత్ర ఈనాటికీ ఆ దారులకు ఆధారం. నూరేళ్ల తర్వాత, 1931లో, పక్షి శాస్త్రవేత్త సలీం అలీ నిజాం సంస్థానంలో పక్షుల సర్వే మొదలుపెట్టి, మకాం నుంచి మకాంకు తిరిగి, ఆ వివరాలను 1933, 1934లలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో ప్రచురించారు. అప్పట్లో నమూనాల కోసం పక్షులను తుపాకీతో కొట్టేవారు. బైనాక్యులరూ కెమెరా వచ్చాక ఆ అవసరం చాలావరకు తీరింది, పద్ధతి మాత్రం మిగిలింది. ఇలా మజిలీలు చేస్తూనే ఆస్ట్రేలియాలో ఉద్యోగ విరమణ చేసినవాళ్లు కారు వెనక కారవాన్ తగిలించుకుని, ఖండం చుట్టూ ఉన్న 14 వేల పైచిలుకు కిలోమీటర్ల రహదారి మీద నెలల తరబడి తిరుగుతారు. పడకా పొయ్యీ వెంటే ఉంటాయి కాబట్టి నీటి మడుగు పక్కన రాత్రి ఆగి, తెల్లవారగానే దాహానికి దిగే బడ్జెరిగార్ చిలుకల గుంపులను చూడగలుగుతారు. అక్కడ వానను వెతుక్కుంటూ పిట్టలు వందల మైళ్లు కదులుతాయి, మనిషి కూడా వాటి వెంట అంత దూరం కదలాలి. చర్ల దారిలో నదీ, చెరువూ, చేనూ, అడవీ 60 కిలోమీటర్లలోనే ఎదురవుతాయి. ఇక్కడ కావలసింది ఆగే ఓపిక.

ఆ ఆగడానికి ఒక పద్ధతి ఉంది. మొదటిది వేళ. తెల్లవారిన తర్వాత రెండు గంటలు, పొద్దు వాలే ముందు గంటన్నర పిట్టలు మేతలో ఉంటాయి. కాబట్టి రాత్రి మకాం భద్రాచలంలోనో చర్లలోనో ఉండాలి, హైదరాబాదు నుంచి పొద్దున్నే బయలుదేరితే అసలు వేళ దాటిపోతుంది. రెండోది వెలుతురు. దారి ఉత్తరంగా సాగుతుంది, నది పడమటి వైపు ఉంటుంది. కాబట్టి ఉదయం ఎండ మన వీపు మీద నుంచి నది మీద పడి, నీటికాకి మెడ, లకుముకి పిట్ట రెక్క స్పష్టంగా తెలుస్తాయి. అడవి అంచును సాయంత్రానికి ఉంచుకోవాలి. మూడోది బండి. ఇంజను ఆపి, తలుపు తీయకుండా, అద్దం దించి కూర్చుంటే పిట్టలు నిలిచిన బండిని పెద్దగా పట్టించుకోవు, దిగి నాలుగడుగులు వేస్తే ఎగిరిపోతాయి. నాలుగోది చెవి. అడవిలో కనిపించే పిట్టలకన్నా వినిపించేవే ఎక్కువ. చివరిది పుస్తకం. తేదీ, వేళ, చోటు, ఎన్ని, ఏ చెట్టు మీద, ఏం చేస్తున్నాయి అన్నవి అప్పటికప్పుడు రాయాలి. ప్రతి రెండు కిలోమీటర్లకూ ఒకే చోట ఐదు నిమిషాలు ఆగి, ఏ పిట్టా కనిపించకపోతే సున్నా అని కూడా రాయాలి. ఆ సున్నా విలువ పదేళ్ల తర్వాత తెలుస్తుంది.

ఇలా ఆగితే దృశ్యం, పిట్ట వేరు వేరు కావని తెలిసొస్తుంది. ఇందుకు అడవికోడి మంచి ఉదాహరణ. గోదావరికి ఈశాన్యంగా ఎర్ర అడవికోడి, నైరుతిగా బూడిద అడవికోడి అని పక్షిశాస్త్రం స్థూలంగా గీత గీస్తుంది. చర్ల ఎర్ర కోడి గట్టున ఉంది, నదికి ఎదుటి గట్టున మణుగూరు, ఏటూరునాగారం అడవులు బూడిద కోడి వైపువి. ఎర్ర పుంజు కూత ఊళ్లో కోడికూతలాగే మొదలై, చివర్లో టక్కున తెగిపోతుంది. బూడిద పుంజు "కుక్-కాయా-కాయా-కుక్" అని విరిచి విరిచి కూస్తుంది. దాని మెడ ఈకల కొసన మైనం అద్దినట్టు పసుపు, తెలుపు చుక్కలు మెరుస్తాయి. ఈ గీత గోడలాంటిది కాదు, అక్కడక్కడా రెండూ కలుస్తాయి. ఎక్కడ కలుస్తున్నాయో, ఎటు జరుగుతున్నాయో గట్టున నిలబడి విన్నవాళ్లే చెప్పగలరు. నది సంగతీ అంతే. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 1986లో 75 అడుగులు దాటిన వరద, 2022 జులైలో 71 అడుగులు దాటిన వరద ఇక్కడివాళ్లకు నోటికొచ్చిన లెక్కలు. పెద్ద వరద పోయాక ఇసుక తిన్నెలు పాత చోట ఉండవు. ఎండాకాలంలో ఆ తిన్నెల మీదే, గూడన్నది కట్టకుండా, ఇసుకలో కలిసిపోయే చుక్కల గుడ్లు పెట్టే ఏటి తీతువులు ఉన్నాయి. తిన్నె జరిగితే వాటి కాపురమూ జరుగుతుంది, ఇసుక తవ్వకానికి తిన్నే పోతే కాపురమే ఉండదు.

రోడ్డు మీద నుంచి చూస్తే రోడ్డు పక్క పిట్టలే కనిపిస్తాయి కదా, అది అడవి లెక్క ఎలా అవుతుంది అని ఎవరైనా అడగవచ్చు. ఆ మాటలో నిజం ఉంది. దారి లెక్క మొత్తం సంఖ్యను చెప్పదు, మార్పును చెబుతుంది. అదే దారిలో, అదే వేళకు, అదే పద్ధతిలో మళ్లీ లెక్కిస్తే పెరిగిందా తరిగిందా అన్నది బయటపడుతుంది. రాబందుల విషయంలో జరిగింది ఇదే. 1990ల మొదట్లో దేశంలో చాలా చోట్ల బండ్లలో తిరుగుతూ దారి వెంట రాబందులను లెక్కపెట్టారు. 2000 నుంచి అవే దారుల్లో మళ్లీ లెక్కించారు. 2007 నాటికి తెల్లవీపు రాబందు వెయ్యికి ఒకటి చొప్పున మిగిలిందని తేలింది. పశువులకు వాడే డైక్లోఫెనాక్ మందు కళేబరాల ద్వారా వాటిని చంపుతోందని 2004లో రుజువైంది, 2006లో ఆ పశువైద్య వాడకాన్ని కేంద్రం నిషేధించింది. పాత లెక్కలు లేకపోతే ఈ పతనాన్ని అంకెల్లో చూపించడం సాధ్యమయ్యేది కాదు. భద్రాచలం పక్కనే ఉన్న ఎటపాకను జటాయువు పడిన చోటుగా జనం కొలుస్తారు. రాబందును ఇంత భక్తితో గుర్తుంచుకున్న నేల మీద ఆ పక్షి ఎప్పుడు, ఎలా తగ్గిందో ఏటేటా రాసి ఉంటే ఎంత మేలయ్యేది!

పాలపిట్ట సంగతి ఇంకా దగ్గరిది. దసరా నాడు చూడాలని ఊరంతా పొలిమేరకు కదిలే పిట్ట, తెలంగాణ రాష్ట్ర పక్షి. కరెంటు తీగ మీద కూర్చున్నప్పుడు మట్టిరంగులో మామూలుగా ఉంటుంది, మిడత కోసం కిందికి దూకగానే రెక్కల్లో ముదురు నీలం, లేత నీలం పట్టీలు విచ్చుకుంటాయి. రోజూ కనిపిస్తోంది కదా, దానికేమవుతుంది అనుకుంటాం. దేశంలో దాదాపు 30 వేల మంది పక్షి ప్రేమికులు రాసిన 3 కోట్ల పరిశీలనల ఆధారంగా 2023లో వచ్చిన భారత పక్షుల నివేదిక, పాలపిట్ట 30 శాతానికి పైగా తగ్గిందని, దాని స్థితిని అంతర్జాతీయ స్థాయిలో తిరిగి అంచనా వేయాలని చెప్పింది. కళ్ల ముందున్న పిట్ట తరుగుతున్న సంగతి కళ్లకు తెలియదు, కాగితానికి తెలుస్తుంది.

అడవిలో పుట్టి పెరిగిన కోయవాళ్లకు తెలియని పిట్ట ఉందా, బయటివాళ్లు వచ్చి రాసేదేమిటి అన్నది మరో అభ్యంతరం. ఇది గౌరవించవలసిన ప్రశ్న. కలివికోడి కథ దీనికి జవాబిస్తుంది. 1900 తర్వాత ఎవరికీ కనిపించక, అంతరించిందని పండితులు వదులుకున్న ఆ పక్షి, 1986లో కడప జిల్లాలో ఒక స్థానిక వేటగాడి వల్లే మళ్లీ దొరికింది. ఆ పిట్ట బొమ్మ పట్టుకుని ఊరూరా తిరిగి అడిగినవాళ్లు ఉన్నారు కాబట్టి అతనికి తెలిసిన సంగతి లోకానికి తెలిసింది, ఆ తావు శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యంగా రక్షణ పొందింది. కాబట్టి చర్లలో ఆగిన ప్రయాణికుడు మొదట చేయవలసిన పని అడగడం. ఈ పిట్టను మీరేమంటారు, ఏ నెలలో వస్తుంది, మీ చిన్నప్పుడు ఎక్కువగా ఉండేదా అని పెద్దలను అడిగి, చెప్పినవారి ఊరితో సహా రాసుకోవాలి. ఆ తెలివి వాళ్లది, రాత దానికి కార్యాలయాల్లో విలువ తెచ్చిపెడుతుంది.

బండ్లు పెరిగితే అడవికే చేటు కదా అనేవాళ్ల ఆందోళనా సబబే. వేగంగా, హారన్ మోగిస్తూ, రాత్రిళ్లు తిరిగే బండి పాములను, రాత్రి పక్షులను చంపుతుంది. ఫొటో కోసం సెల్‌ఫోన్‌లో పిట్ట కూత మోగిస్తే, గూట్లో ఉండవలసిన పక్షి పరాయి పక్షి వచ్చిందనుకుని గుడ్లు వదిలి పరిగెత్తుతుంది. అందుకే ఈ పద్ధతికి నియమాలున్నాయి. ఉన్న రోడ్డు దిగకూడదు, కూత మోగించకూడదు, గూటి దగ్గరకు పోకూడదు, ఇసుక తిన్నెల మీద ఎండాకాలంలో నడవకూడదు, అటవీ శాఖ అనుమతి లేకుండా లోపలికి అడుగుపెట్టకూడదు. దశాబ్దాలుగా కాల్పుల భయం చూసిన ఈ సరిహద్దులో ఊరివాళ్ల మాట వినకుండా ముందుకు పోవడం తగదు కూడా. ఇక్కడి ప్రధాన రహదారి ఒక్కటే పదేళ్ల పనికి చాలు.

ఆ పనికి పెద్ద ఖర్చూ లేదు. భద్రాచలం నుంచి తాలిపేరు దాకా 30 చోట్లు గుర్తించి, సంక్రాంతి తర్వాత ఒకసారి, వేసవిలో తిన్నెలు తేలినప్పుడు ఒకసారి, ఆశ్రమ పాఠశాలల పిల్లలూ ఉపాధ్యాయులూ ప్రయాణికులూ కలిసి లెక్క రాస్తే చాలు. పిట్టల పేర్లు కోయలోనూ తెలుగులోనూ పక్కపక్కన రాయాలి. రేపు ఒక రోడ్డు వెడల్పు చేయాలన్నా, ఒక ఇసుక ర్యాంపు తెరవాలన్నా ఇక్కడేముందని ఎవరో ఒకరు అడుగుతారు. అప్పుడు ఈ అడవి తరఫున చూపించడానికి ఏటేటా పేరుకున్న ఒక పుస్తకం ఉండాలి. దాన్ని మొదలుపెట్టే బాధ్యత ఈ దారిన తిరిగే మనందరిదీ.